మతాంతరము - దేహసాక్ష్యము

రామగుండము, గోదావరిఖని ప్రాంతముల శ్రోతలకు, షిఫ్టు ముగించి గనినుండి పైకివచ్చు మనుష్యుని మసిబారిన ముఖము చిరపరిచితము. ప్రొటెస్టెంటు సువార్తోద్యమ చరిత్రయందలి ఒక ప్రసిద్ధ దృశ్యము అట్టి ముఖములదే. 1739 ఫిబ్రవరిలో ఇంగ్లండునందలి బ్రిస్టలు నగర సమీపమున, కింగ్స్‌వుడ్ బొగ్గుగనుల యొద్ద, జార్జి వైట్‌ఫీల్డు ఆరుబయట ప్రసంగించెను. గనికార్మికుల నల్లని చెక్కిళ్లపై కన్నీరు తెల్లని చారలు తీర్చుట చూచి, వారి హృదయములు కరగినవని ఆయన గ్రహించెను.

ఆ యేడాదియే జాన్ వెస్లీ సభలయందు పలువురు వణకిరి, కేకలు వేసిరి, నేలకొరిగిరి. ఇది దైవకార్యమా, భ్రాంతియా యని వాదములు చెలరేగెను. అమెరికాయందు జోనాతన్ ఎడ్వర్డ్సు 1746లో ప్రకటించిన గ్రంథమున దీనికి సమాధానము చెప్పెను. దేహమున పుట్టిన కంపము భక్తి నిజమనుటకును చాలదు, కపటమనుటకును చాలదు, నడవడియే ముఖ్యసాక్ష్యము.

తరువాతి శతాబ్దమున ఆ ఉద్యమపు శాఖలు తెలుగుదేశమునకు వచ్చెను. వెస్లీ అనుయాయులు మెదకు, కరీంనగరములయందు సంఘములు నెలకొల్పిరి. అంతకుముందే ఒంగోలున అమెరికను బాప్టిస్టులు పని ప్రారంభించియుండిరి. అచట 1866లో యెఱ్ఱగుంట్ల పేరయ్యయను మాదిగ కులస్థుడు బాప్తిస్మము పొందెను. చచ్చిన పశువును మోయుట, జాతరలలో డప్పు కొట్టుట నాడు ఆ కులముపై మోపబడిన సేవలు. ఆ పశుమాంసమే పలువురికి కూడు. మిషనరీ జాన్ క్లౌ క్రొత్త విశ్వాసులకు మూడు నియమములు చెప్పెను: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. మొదటి రెండును దేహమునకు సంబంధించినవే. వానిని పాటించినవారికి కూలి పోయెను, బావినీరు దక్కదయ్యెను, దెబ్బలును తప్పలేదు.

అంతట 1876-78 కఱవు వచ్చెను. క్లౌ బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో ఒక భాగమును గుత్తకు తీసుకొని వేలమందికి పని కల్పించెను. కాని అన్నమునకై మతము పుచ్చుకొనిరను మాట రాకుండ, ఆ కాలమున బాప్తిస్మములను నిలిపివేసెను. పిదప 1878 జులై 3న, వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో, ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఆకలియే వారిని తెచ్చెననువారు నాడును కలరు, నేడును కలరు. ఆకలి అబద్ధము కాదు. అయినను ఆకలిగొన్నవాడు దొరికిన మాంసమును వలదనుట, కూలి పోవునని తెలిసియు ఆదివారమున పనికి పోకుండుట ఆకలి చేయించు పనులు కావు. చెక్కిలిమీది కన్నీరు క్షణములో ఆరిపోవును. తరతరములుగా ఇతరులు నిర్ణయించిన తన కూటిని, తన పనిని తానే నిర్ణయించుకొనుటకు దినదినము మూల్యము చెల్లింపవలెను. పేరయ్య తరమువారి దేహము పలికిన సాక్ష్యమిదియే.