నాలుక మందం కాదు

పిల్లవాని మాట తడబడితే 'నాలుక మందం' అని మనం సరిపెట్టుకుంటాం. ఆ తడబాటుకు కారణం వెదకి సరిదిద్దే విద్య వాక్చికిత్స. నాలుగేళ్ల పట్టా చదువు. ఉస్మానియా వైస్ ఛాన్సలరుగా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేరిట 1983లో బొంబాయిలో వెలసిన జాతీయ సంస్థ, తన సికింద్రాబాదు కేంద్రంలోనూ దీనిని బోధిస్తున్నది.

ఈ విద్యార్థి తరగతిలో ధ్వనుల పుట్టుక చదువుతాడు. చికిత్స గదిలో మొదట బిడ్డ వినికిడి పరీక్షిస్తాడు, ఇంటి భాష అడుగుతాడు. ఆపైన అద్దం ముందు కూర్చుండబెట్టి, నాలుక నిలుపవలసిన చోటు చూపుతాడు.

రేవుకూ ఉక్కు కర్మాగారానికీ పలుభాషలవారు వచ్చి చేరిన మన విశాఖలో ఇంటి భాష ప్రశ్నయే కీలకం. ఉర్దూలో 'ళ' లేదు. ఉర్దూ ఇంటి బిడ్డ 'కళ్లు'ను 'కల్లు' అంటే అది లోపం కాదు, ఇంటి పలుకుబడి. ఇంటి భాషలోనూ మాట తడబడితే మాత్రం ఆలస్యం తగదు. తరగతిలో నవ్వులు రేగకముందే బోధకులమైన మేమూ ఈ భేదం గ్రహించాలి.