ఒకే కాన్పు.. రెండు బరువులు
కవలల ఎదుగుదలలో తేడాకు మూలం మాయలోనే

జూబ్లీహిల్స్: వెండితెరపై కవలలు ఎప్పుడూ సరిసమానమే. 1964లో వచ్చిన 'రాముడు భీముడు'లో ఎన్టీఆర్ పోషించిన అన్నదమ్ములకు స్వభావంలో తేడా గానీ ఒడ్డూపొడుగులో లేదు. ఆ చిత్రాన్ని నిర్మించిన రామానాయుడు స్టూడియో ఫిలింనగర్‌లోనే ఉంది. ఆ చుట్టుపక్కల ఆస్పత్రుల్లో పుట్టే అసలు కవలలు మాత్రం ఇలా ఉండరు. ఒకరు రెండున్నర కిలోలు, మరొకరు కిలోన్నర తూగడం ప్రసూతి వార్డుల్లో కొత్త కాదు.

అలాంటప్పుడు ఇంట్లో పెద్దలు నిందను ఎవరో ఒకరిపై మోపుతుంటారు. తల్లి సరిగా తినలేదంటారు, లేదా పెద్ద బిడ్డ చిన్న బిడ్డ తిండి లాక్కున్నదంటారు. బాలింతను కుంగదీయడం తప్ప ఈ మాటల వల్ల ఒరిగేదేమీ లేదు. తల్లికి పోషకాహారం తగ్గితే ఆ ప్రభావం ఇద్దరిపైనా పడుతుంది. ఒక్కరే చిక్కిపోయారంటే కారణాన్ని చాలావరకు మాయలోనే వెతకాలి. మాయలో ఒకరి వాటా చిన్నది కావడం, బొడ్డుతాడు మాయ మధ్యలో కాక అంచున అతుక్కోవడం వంటి వాటివల్ల ఆ బిడ్డకు రక్తం తక్కువగా అందుతుంది.

కొద్దిపాటి తేడా సహజమే. పెద్ద బిడ్డ బరువులోంచి చిన్న బిడ్డ బరువు తీసివేసి, వచ్చినదాన్ని పెద్ద బిడ్డ బరువుతో భాగిస్తే తేడా శాతం తెలుస్తుంది. స్కానింగ్‌లో ఒకరు 2400 గ్రాములు, ఇంకొకరు 1800 గ్రాములు ఉంటే తేడా 25 శాతం. ఆ స్థాయికి చేరితే, అందులోనూ చిన్న బిడ్డ బరువు నెలలకు తగ్గట్టు లేకపోతే వైద్యులు ప్రత్యేకంగా గమనించాల్సిందే.

మాయ ఒకటా.. రెండా?

కవలల గర్భంలో అన్నిటికన్నా ముందు తేలవలసిన ప్రశ్న ఇది. ఇద్దరికీ వేర్వేరు మాయలుంటే ఒకరి కష్టం రెండో వారికి నేరుగా సోకదు. ఒకే మాయను పంచుకునే కవలల్లో అలా కాదు. 1994 నాటి 'హలో బ్రదర్' సినిమాలో ఒకరికి తగిలిన దెబ్బ మరొకరికి నొప్పి పుట్టించడం చూసి ప్రేక్షకులు నవ్వుకున్నారు. ఒకే మాయ విషయంలో అది కొంతవరకు నిజమే. మాయలోని రక్తనాళాలు ఇద్దరినీ కలుపుతూ ఉంటాయి. నెలలు గడిచాక కడుపులో ఒకరు చనిపోతే, బతికి ఉన్న బిడ్డ రక్తం ఆ నాళాల గుండా రెండోవైపు మళ్లిపోవచ్చు. అలాంటి సందర్భాల్లో సుమారు 15 శాతం మంది రెండో బిడ్డను కూడా కోల్పోతున్నారు. బతికిన వారిలోనూ దాదాపు నాలుగో వంతు మందికి మెదడు దెబ్బతినే ముప్పుంది.

ఈ ప్రశ్నకు సమాధానం 11 నుంచి 14 వారాల మధ్య చేసే స్కానింగ్‌లో స్పష్టంగా దొరుకుతుంది. ఆ తర్వాత గుర్తించడం కష్టమవుతుంది. అయిదో నెలలో తొలిసారి ఆస్పత్రికి వచ్చేవారికి ఆ అవకాశం చేజారినట్లే. కాబట్టి మాయలు ఎన్నో నివేదికలో రాయించుకుని, ఆ కాగితాన్ని కాన్పు వరకు భద్రపరచుకోవాలి. వేర్వేరు మాయలైతే సాధారణంగా నాలుగు వారాలకోసారి, ఒకే మాయ అయితే 16వ వారం నుంచి రెండు వారాలకోసారి స్కానింగ్ అవసరం.

షూటింగ్ ఉంటేనే కూలి దొరికే కృష్ణానగర్ జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్ల కుటుంబాలకు ఇన్ని స్కానింగ్‌లు ప్రైవేటులో మోయలేని భారం. 2022లో తెలంగాణ ప్రభుత్వ ఆస్పత్రుల్లో టిఫా స్కానింగ్ యంత్రాలు ఏర్పాటయ్యాయి. పేట్లబురుజు ప్రసూతి ఆస్పత్రి వాటిలో ఒకటి.

తేడా పెరుగుతున్నప్పుడు బొడ్డుతాడులో రక్తప్రవాహాన్ని డాప్లర్ పరీక్షతో చూస్తారు. ప్రవాహం సాఫీగా ఉంటే వేచి చూడవచ్చు. అది తెగుతూ ఉన్నా, వెనక్కి మళ్లుతున్నా చిన్న బిడ్డకు ప్రమాదమే. అప్పుడు వైద్యుల ముందు కఠినమైన ప్రశ్న నిలుస్తుంది. తొందరపడి కాన్పు చేస్తే బాగా ఎదుగుతున్న బిడ్డ కూడా నెలలు నిండకుండా పుడుతుంది. ఆగితే చిన్న బిడ్డ దక్కకపోవచ్చు. దీనికి అందరికీ సరిపోయే జవాబు లేదు. 34 వారాల లోపు కాన్పు తప్పదనుకుంటే బిడ్డల ఊపిరితిత్తుల కోసం తల్లికి ముందుగానే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. ఇబ్బందులేమీ లేకుంటే ఒకే మాయ ఉన్నవారికి 36వ వారం తర్వాత, వేర్వేరు మాయలున్నవారికి 37వ వారం తర్వాత కాన్పుకు సిద్ధమవుతారు.

పుట్టిన తర్వాత..

తక్కువ బరువు బిడ్డకు తొలి గంటల్లో రెండు శత్రువులు: చలి, రక్తంలో చక్కెర తగ్గిపోవడం. బిడ్డను తల్లి ఎదపై చర్మానికి చర్మం తాకేలా ఉంచే కంగారూ పద్ధతి, తల్లిపాలు ఈ రెంటికీ మందు. ఎదపై ఉంచుకోవడం తండ్రి కూడా చేయవచ్చు, కవలలున్న ఇంట్లో చేయాలి కూడా. పీల్చి తాగే శక్తి లేకపోతే పాలు పిండి గిన్నెతో గానీ గొట్టంతో గానీ పడతారు. ఇద్దరి బరువులూ వేర్వేరు కార్డుల్లో నమోదు చేయించాలి. చిన్న బిడ్డ పెద్ద బిడ్డను అందుకుందా అన్నది కాదు, తన గీతపై తాను పైకి సాగుతోందా అన్నదే చూడాలి.

తరచూ మరచిపోయేది కంటి పరీక్ష. 34 వారాల లోపు పుట్టినా, రెండు కిలోల కన్నా తక్కువ తూగినా నెల రోజులు నిండకముందే రెటీనా పరీక్ష చేయించాలి. మరీ చిన్న శిశువులకు ఇంకా ముందే అవసరం. జంట నగరాల్లో ఇలాంటి శిశువుల కోసం బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1990ల చివరిలోనే ప్రత్యేక కార్యక్రమం చేపట్టింది. ఆ సంస్థ పేరు సినీ దర్శకుడు ఎల్వీ ప్రసాద్‌దే. చిక్కిన బిడ్డను మాత్రమే కంటి ఆస్పత్రికి తీసుకెళ్లి, బొద్దుగా ఉన్నాడని రెండోవాణ్ణి ఇంట్లో వదిలేసే తల్లిదండ్రులు ఒక సంగతి గమనించాలి. 34 వారాల లోపు పుట్టిన కవలలైతే బరువుతో నిమిత్తం లేకుండా ఇద్దరికీ ఆ పరీక్ష చేయించవలసిందే.