పడని గోల్‌కు లెక్క కట్టేదెలా?

2017 జూన్ 15న ఉత్తర అమెరికా ఐస్ హాకీలో ఒక ట్రేడ్ జరిగింది. టాంపా బే లైట్నింగ్ జట్టు తన ఫార్వర్డ్ జొనాథన్ డ్రువాను మాంట్రియల్ కెనడియన్స్‌కు ఇచ్చి, బదులుగా మిఖాయిల్ సెర్గచేవ్ అనే డిఫెండర్‌ను తెచ్చుకుంది. డ్రువాకు అప్పుడు 22 ఏళ్లు. అంతకు ముందు సీజన్లో 73 మ్యాచ్‌లాడి 21 గోల్స్, 32 అసిస్ట్‌లు, మొత్తం 53 పాయింట్లు సాధించాడు. పైగా క్వెబెక్‌లో పుట్టినవాడు. మాంట్రియల్ అభిమానులు పండగ చేసుకున్నారంటే ఆశ్చర్యం లేదు. సెర్గచేవ్‌కు ఇంకా పందొమ్మిది నిండలేదు. నేషనల్ హాకీ లీగ్‌లో ఆడింది నాలుగే మ్యాచ్‌లు.

ఆ తర్వాత 2020లోనూ 2021లోనూ లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్‌ను టాంపా గెలిచింది. రెండుసార్లూ సెర్గచేవ్ ఆ జట్టులో ఉన్నాడు. మాంట్రియల్‌లో డ్రువా ఏ సీజన్లోనూ 53 పాయింట్లు దాటలేదు. ఫలితం తెలిశాక ఎవరైనా తీర్పు చెప్పగలరు. ఆ జూన్ నెలలో ముందుగా ఎలా తెలుస్తుందన్నదే అసలు ప్రశ్న. దాడి చేసేవాడి పనికి గోల్ రూపంలో సాక్ష్యం మిగులుతుంది. డిఫెండర్ తన పని బాగా చేస్తే ఏమీ జరగదు. జరగనిదాన్ని కొలవడం నేర్చుకున్న జట్లకే కుర్ర డిఫెండర్లు సరసమైన ధరకు దొరుకుతారని నా నమ్మకం.

ముందు ధర సంగతి. ఈ లీగ్‌లో ఆటగాళ్లను ఐపీఎల్ వేలంలోలా డబ్బిచ్చి కొనరు. ఆటగాడికి బదులు మరో ఆటగాడినో, జట్లు వంతులవారీగా కుర్రాళ్లను ఎంచుకునే రాబోయే డ్రాఫ్ట్‌లో ఎంపిక హక్కులనో ఇస్తారు. 32 జట్లకూ జీతాల మీద ఒకే గరిష్ఠ పరిమితి ఉంది; 2024-25లో అది 8 కోట్ల 80 లక్షల డాలర్లు. పద్దెనిమిదేళ్లకు డ్రాఫ్ట్‌లో ఎంపికైన కుర్రాడి తొలి ఒప్పందం మూడేళ్లు. 2024 డ్రాఫ్ట్ కుర్రాళ్లకు బోనస్‌లు కాక ఏడాదికి గరిష్ఠం 9,75,000 డాలర్లు. ఆ తర్వాత కూడా సుమారు 27 ఏళ్లు వచ్చేదాకా, లేదా ఏడు సీజన్లు ఆడేదాకా అతని మీద హక్కు జట్టుదే. అంటే పది లక్షల లోపు జీతంతో అరవై లక్షల స్థాయి ఆట ఆడే కుర్రాడుంటే, మిగిలిన యాభై లక్షలతో జట్టు మరొకరిని తెచ్చుకోవచ్చు. ఆ మిగులే అతని ట్రేడ్ విలువ. దానికి ఇంకెన్నేళ్లు చేతిలో ఉంటాడు, మన అంచనా ఎంత గట్టిది అన్నవి తోడవుతాయి.

గోల్స్ కొట్టే కుర్రాడి విషయంలో ఈ అంచనా కొంత తేలిక. జూనియర్ లీగ్‌లోనో స్వీడన్‌లోనో కొట్టిన పాయింట్లు పెద్ద లీగ్‌లో ఎన్నింటికి సమానమో లెక్కగట్టే పద్ధతిని గేబ్రియల్ డెజార్డెన్ అనే విశ్లేషకుడు ప్రచారంలోకి తెచ్చాడు. డిఫెన్స్‌కు అలాంటి మారకపు రేటు లేదు. జూనియర్లలో తోటి పిల్లల కంటే ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు ఒంటి బలంతోనే అడ్డుకుంటాడు. పెద్ద లీగ్‌లో అందరూ అదే కొలత మనుషులు.

పాతకాలపు కొలమానం ప్లస్-మైనస్. లీగ్ 1967-68 నుంచి దాన్ని అధికారికంగా నమోదు చేస్తోంది. ఎదుటి ఆటగాడు శిక్ష మీద బయటున్నప్పుడు కొట్టే పవర్ ప్లే గోల్స్ వదిలేసి, మంచు మీద నువ్వుండగా మీ జట్టు గోల్ కొడితే ప్లస్ ఒకటి, గోల్ ఇచ్చేస్తే మైనస్ ఒకటి. 1970-71లో బాబీ ఓర్ సాధించిన ప్లస్ 124 ఇప్పటికీ రికార్డే. ఓర్ మహా ఆటగాడే, సందేహం లేదు. కానీ ఆ ఏడు అతని బోస్టన్ జట్టు మొత్తం 399 గోల్స్ కొట్టిందని కూడా గుర్తుంచుకోవాలి. ఆ రాత్రి ఊళ్లో దొంగతనం జరగలేదంటే కాపలావాడి గొప్పా, దొంగలే రాలేదా, ఇంటాయన తలుపులు గట్టిగా వేసుకున్నాడా? ప్లస్-మైనస్‌కు ఆ తేడా తెలియదు. గోల్ కీపర్ ప్రతిభ కూడా డిఫెండర్ ఖాతాలోనే పడిపోతుంది.

ఢీకొట్టిన సంఖ్య, ఒంటితో ఆపిన షాట్ల సంఖ్య మరీ మోసం చేస్తాయి. ఆ రెండూ జరగాలంటే ముందు పక్ (ఆడే బిళ్ల) ఎదుటి జట్టు దగ్గర ఉండాలి! స్వీడన్‌కు చెందిన నిక్లాస్ లిడ్‌స్ట్రోమ్‌ను 1989 డ్రాఫ్ట్‌లో 53వ ఆటగాడిగా గానీ తీసుకోలేదు. పెద్దగా ఢీకొట్టకుండా, సరైన చోట నిలబడి, కర్రతో దారులు మూసేస్తూ ఆడినవాడు ఉత్తమ డిఫెండర్‌కిచ్చే నోరిస్ ట్రోఫీని ఏడుసార్లు గెలుచుకున్నాడు.

గోల్స్ అరుదు; సగటున జట్టుకు మ్యాచ్‌కు మూడు. అంత తక్కువ సంఖ్యలో అదృష్టం వాటా ఎక్కువ. అందుకే విశ్లేషకులు షాట్ ప్రయత్నాలన్నీ లెక్కపెట్టడం మొదలుపెట్టారు: గోల్ మీదికి వెళ్లినవి, గురి తప్పినవి, మధ్యలో ఎవరో ఆపినవి. అవి మ్యాచ్‌కు జట్టుకు యాభై దాటుతాయి. ఈ లెక్కకు బఫెలో జట్టు గోల్‌కీపింగ్ కోచ్‌గా పనిచేసిన జిమ్ కోర్సీ పేరు స్థిరపడిపోయింది. తర్వాతి మెట్టు ఎక్స్‌పెక్టెడ్ గోల్స్. షాట్ ఎంత దూరం నుంచి, ఏ కోణంలో, గోల్ కీపర్ నుంచి తిరిగొచ్చిన పక్ మీదా కాదా అన్నవి చూసి, అలాంటి షాట్ గోల్ అయ్యే సంభావ్యతను కడతారు. ఇక్కడ గోల్ కీపర్ ప్రస్తావన పోయి, ఎదుటివాళ్లకు ఎలాంటి అవకాశాలు దొరికాయన్నదే మిగులుతుంది. డిఫెండర్ చేతిలో ఉన్నది దాదాపు అదే.

ఇప్పుడు నీలి గీత దగ్గరికి వెళదాం. రింక్ పొడవు 200 అడుగులు. రెండు నీలి గీతలు దాన్ని మూడు భాగాలు చేస్తాయి. ఎదుటి ఫార్వర్డ్ పక్‌తో దూసుకొస్తున్నాడు. మన డిఫెండర్ అతనివైపే ముఖం పెట్టి వెనక్కి జారుతున్నాడు. ఇద్దరి మధ్య ఎడం కర్ర పొడవుకు మించితే వచ్చేవాడు తీరిగ్గా గీత దాటి పాస్ వెతుక్కుంటాడు. ఎడం మరీ తగ్గిస్తే ఒక్క మలుపుతో దాటిపోతాడు. ఎడం సరిగ్గా ఉంటే వచ్చేవాడికి పక్‌ను లోపలి మూలకు విసిరి దాని వెనక పరుగెత్తడమే మిగులుతుంది. 2013లో విశ్లేషకుడు ఎరిక్ టుల్‌స్కీ బృందం మ్యాచ్‌లు చూస్తూ ఒక్కో ప్రవేశాన్నీ చేత్తో రాసుకుని తేల్చింది ఇదే: విసిరిన పక్‌తో పోలిస్తే, పట్టుకుని లోపలికి వచ్చినప్పుడు దాదాపు రెట్టింపు షాట్లు పడతాయి. రెండు సెకన్లలో ముగిసే ఈ ఘట్టం స్కోరుబోర్డు మీద ఎక్కడా ఉండదు. రసాయన శాస్త్రంలో డాక్టరేట్ చేసిన టుల్‌స్కీ 2024లో కరొలైనా హరికేన్స్‌కు జనరల్ మేనేజర్ అయ్యాడు.

ఇంకో చిక్కు సావాసం. ఆటగాళ్లు ముప్పావు నిమిషం ఆడి బెంచీకి వెళ్లిపోతారు, వేరే వాళ్లు దిగుతారు. ప్రతి దఫాలో మంచు మీద గోల్ కీపర్లు కాక రెండు జట్లవీ కలిపి మామూలుగా పదిమంది. సీజన్ మొత్తం దఫాలను సమీకరణాలుగా రాసి, ఎవరి వంతు ఎంతో గణితంతో విడదీస్తారు. సాక్ష్యం చాలని ఆటగాడి అంకెను ఈ పద్ధతి సగటు వైపే లాగి ఉంచుతుంది. కానీ వాంకూవర్ కవలలు డేనియల్, హెన్రిక్ సెడిన్‌లలా ఇద్దరూ ఎప్పుడూ కలిసే దిగితే ఏ గణితమూ వాళ్లను విడదీయలేదు. కొత్త కుర్రాడి పరిస్థితీ అదే. కోచ్ అతణ్ణి అనుభవజ్ఞుడి పక్కన, బలహీన ప్రత్యర్థుల మీద, తక్కువ నిమిషాలకు దింపుతాడు. మంచి అంకెలు అతనివా, పక్కవాడివా?

డిఫెండర్ సేత్ జోన్స్ చరిత్ర చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. 2016 జనవరిలో, 21 ఏళ్ల వయసులో, అతణ్ణి ఫార్వర్డ్ ర్యాన్ జొహాన్సెన్‌కు బదులుగా నాష్‌విల్ నుంచి కొలంబస్ తీసుకుంది. 2021లో షికాగో అతని కోసం కుర్ర డిఫెండర్ ఆడమ్ బోక్విస్ట్‌నూ, రెండు తొలి రౌండ్ ఎంపికలనూ ఇచ్చి, ఏడాదికి 95 లక్షల డాలర్ల చొప్పున ఎనిమిదేళ్ల ఒప్పందం చేసుకుంది. అప్పటికే అతని షాట్ లెక్కలు బాగోలేవని విశ్లేషకులు గట్టిగా చెబుతున్నారు. షికాగో కూలిపోయింది, ఇచ్చేసిన రెండో ఎంపిక ఆరో స్థానంలో పడింది. 2025 మార్చిలో ఫ్లోరిడాకు వెళ్లిన అదే జోన్స్ జూన్‌కల్లా స్టాన్లీ కప్ ఎత్తాడు. ధర తప్పన్నది నిజం. ఆట రానివాడన్నది మాత్రం ఎన్నడూ నిజం కాదు. ఎక్కువ నిమిషాలు, బలహీన జట్టు కలిసి అతని అంకెల్ని ముంచాయని నేననుకుంటాను.

పుట్టిన నెల కూడా చూడాలంటే నవ్వకండి. కెనడాలో పిల్లల వయో విభాగాలు జనవరి 1తో మొదలవుతాయి కాబట్టి, జనవరిలో పుట్టినవాడు డిసెంబరు వాడికంటే దాదాపు ఏడాది పెద్ద. 1980-2007 డ్రాఫ్ట్‌లను పరిశీలించిన 2013 నాటి అధ్యయనంలో, ఎంపికైన కెనడా కుర్రాళ్లలో 36 శాతం జనవరి-మార్చి వాళ్లు, 14.5 శాతమే అక్టోబరు-డిసెంబరు వాళ్లు. ఎంపిక స్థానంతో పోల్చి చూస్తే, ఆపైన ఎక్కువ రాణించింది మాత్రం ఆలస్యంగా పుట్టినవాళ్లే. వాళ్ల విలువను స్కౌట్లు తక్కువ కట్టారన్నమాట.

2021-22 నుంచి ప్రతి రింక్‌లోనూ కెమెరాలు ఆటగాళ్ల, పక్ కదలికల్ని నమోదు చేస్తున్నాయి. ఆ వివరాల్లో అభిమానులకు అందేది సారాంశమే. లోతైనవి జట్ల దగ్గరే ఉంటాయి. అయినా ఓ కుర్ర డిఫెండర్‌ను తూచాలనుకునేవారికి తెల్లకాగితం చాలు. అతని వైపు నుంచి ప్రత్యర్థి నీలి గీత దాటబోయిన ప్రతిసారీ పక్‌తో వచ్చాడా, లోపలికి విసిరాడా, గీత దగ్గరే ఆగిపోయాడా అని మూడు గడుల్లో గుర్తు పెట్టండి. పక్కన ఎవరున్నారో కూడా రాయండి. కొన్ని మ్యాచ్‌ల తర్వాత ఆ కాగితాన్ని అతని ప్లస్-మైనస్ పక్కన పెట్టి చూడండి.