ఉస్మానియా నుంచి ఒలింపిక్స్ దాకా.. రహీం సాబ్ ఫుట్‌బాల్

ఆదివారం వస్తే సింగపూర్‌లో మన కుర్రాళ్లు బ్యాట్లు పట్టుకుని గ్రౌండు వెతుక్కుంటారు. కానీ ఒకప్పుడు హైదరాబాద్ అంటే దేశానికి గుర్తొచ్చింది ఫుట్‌బాలే. ఆ పేరు తెచ్చినాయన ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకుని బడిపంతులైన సయ్యద్ అబ్దుల్ రహీం.

1950లో ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. ఆట కూడు పెట్టదంటారు కదా. ఇక్కడ పోలీసు ఉద్యోగం కూడు పెట్టింది, ఆట పేరు తెచ్చింది. 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు బొంబాయి రోవర్స్ కప్ వాళ్లదే! కుడి కాలి వాటం వాళ్లను ఎడమ కాలితోనే ఆడించి మరీ రహీం తర్ఫీదు ఇచ్చేవారు.

ఇండియా జట్టుకూ ఆయనే కోచ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనకు 4వ స్థానం. ఆ జట్టులో సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు. 1962లో, మనకు సముద్రం అవతలే ఉన్న జకార్తాలో, దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణం గెలిచారు. అప్పటికే రహీంకు క్యాన్సర్. 1963లో కన్నుమూశారు. ఫుట్‌బాల్‌లో ఆ స్వర్ణం మనకు మళ్లీ రాలేదు.

సత్తా ఒక్కటే చాలదు, నెల జీతం, నేర్పే మనిషి, ఆడే తీరిక కూడా కావాలి. ఆదివారం ఓటీ వేసేముందు మాలాంటి సూపర్‌వైజర్లు ఇది గుర్తు పెట్టుకోవాలి.