‘ఏమైనా విశేషమా?’ అని అడిగే ముందు

పెళ్లయి ఏడాది తిరగకముందే మన ఇళ్లలో ‘ఏమైనా విశేషమా?’ అన్న ప్రశ్న మొదలవుతుంది. అడిగేవాళ్లకు అది మామూలు పలకరింపే. నెలంతా ఆశపడి, బహిష్టు కాగానే స్నానాల గది తలుపేసుకుని ఏడ్చిన అమ్మాయికి మాత్రం ఎవరో నిలదీసినట్టు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన అంచనా ప్రకారం ప్రతి ఆరుగురిలో దాదాపు ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటున్నారు. ధనిక దేశాల్లో 17.8 శాతం, మిగతా దేశాల్లో 16.5 శాతం.

అపోహ: లోపం ఆమెదే, బాధా ఆమెదే.

వాస్తవం: పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా కారణం ఉంటుంది. వీర్య పరీక్ష తేలిక, ఖర్చూ తక్కువ. అయినా స్కానింగులు, నోములు, చెట్టు చుట్టూ ప్రదక్షిణలు ముందు కోడలికే. ఈజిప్టులో ఏళ్ల తరబడి పరిశోధన చేసిన మార్షియా ఇన్‌హార్న్, భర్తలోనే లోపం ఉన్నా అత్తింటివాళ్ల ముందు ఆ నింద తామే మోస్తున్న భార్యల గురించి రాశారు. మనకిది కొత్త కాదు. భర్త రిపోర్టు బీరువాలో చీరల అడుగున ఉంటుంది, ‘గొడ్రాలు’ అన్న మాట మాత్రం ఆవిడ పడుతుంది. అలా దాచిన ఇంట్లో ఆ మగవాడి దుఃఖానికీ చోటుండదు. స్నేహితులతో చెప్పుకోలేడు, భార్య ముందు తలెత్తుకోలేడు.

అపోహ: టెన్షన్ పడితే కడుపు నిలవదు.

వాస్తవం: నా దృష్టిలో అన్నిటికన్నా క్రూరమైన సలహా ఇది. ఐవీఎఫ్ ఫెయిలైన రోజున ‘నేను ఏడ్చినందుకే ఇలా అయింది’ అని ఆమె తనను తానే తిట్టుకునేలా చేస్తుంది. బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2011లో ప్రచురించిన విశ్లేషణ 14 అధ్యయనాలను, 3,583 మంది స్త్రీల వివరాలను కలిపి చూసింది. చికిత్సకు ముందున్న ఆందోళన, దిగులు ఆ విడత ఫలితాన్ని మార్చడం లేదని తేలింది. ఇక ఆ దిగులు ఎంత బరువైనదో అమెరికాలో ఆలిస్ డోమర్ బృందం 1993లోనే చూపించింది. పిల్లలు కలగని స్త్రీలలో కనిపించిన ఆందోళన, కుంగుబాటు క్యాన్సర్, గుండెజబ్బు రోగులతో పోల్చదగ్గ స్థాయిలో ఉన్నాయి. గర్భం వచ్చినా రాకపోయినా ఆ బాధకు వైద్యం కావాలి.

అపోహ: ఎవరినైనా పెంచుకుంటే సొంత బిడ్డ పుడుతుంది.

వాస్తవం: అలా పుట్టిన ఒకరిద్దరి కథలే మనకు గుర్తుంటాయి. దత్తత తీసుకోని జంటల్లోనూ కొందరికి ఆలస్యంగా పిల్లలు పుడుతున్నారు. పైగా ఇంటికి వచ్చిన బిడ్డ ఇంకో బిడ్డకు మొక్కుబడి కాదు.

అపోహ: ఉమ్మడి కుటుంబంలో ఈ బాధ తెలియదు.

వాస్తవం: సీమంతానికి పిలుపు రాని కోడలిని అడగండి. నలుగురున్న ఇంట్లో ఓదార్చేవాళ్లున్నట్టే వేలెత్తి చూపేవాళ్లూ ఉంటారు. పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియాలో పిల్లలు కలగని, పుట్టిన బిడ్డలు దక్కని స్త్రీలు ‘కాన్యలెంగ్’ అనే బృందాలుగా కూడతారు. ఊరి వేడుకల్లో వాళ్లే పాడతారు, ఆడతారు, నవ్విస్తారు. మన శుభకార్యాల్లో అక్షింతలు వేయడానికి కూడా వెనక్కి నెట్టే స్త్రీలకు అక్కడ ముందు వరస.

మన దేశంలో 2021లో వచ్చిన సహాయక పునరుత్పత్తి చట్టం ప్రకారం క్లినిక్‌లు దంపతులకు కౌన్సెలింగ్ ఇవ్వాలి. ఫీజు కట్టే ముందే ఆ సంగతి అడగండి. ఆ గదిలోకి భర్త కూడా వెళ్లాలి.