ఆయాసమంతయు ఉబ్బసము కాదు

కృష్ణా పశ్చిమ డెల్టా రైతులకు రెండు సంగతులు ఒకరు నేర్పనక్కరలేదు. కాలువ పూడినచో చివరి చేను ఎండును. మురుగు తీయనిచో పల్లపు చేను మునుగును. గుండెకాయకు వచ్చు వ్యాధులలో ముఖ్యమైనవి రెండును ఇట్టివే. నగరము, రేపల్లె ప్రాంతములలో సముద్రమునకు చేరువ పల్లపు భూములు సాగుచేయు సభ్యులకు ఈ విషయము సులభముగా బోధపడునని తలంచి వ్రాయుచున్నాము.

గుండె జబ్బు పట్టణవాసులకు, కూర్చుండి తినువారికి వచ్చునదనియు, ఎండలో శ్రమించు వానిని అంటదనియు మనలో ఒక నమ్మకము కలదు. దీనిని పరీక్షించిన పరిశోధన మన ఆంధ్రదేశముననే జరిగినది. 2003–04లో ఒక సంవత్సరముపాటు తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల 45 గ్రామములలో జరిగిన ప్రతి మరణమును నమోదుచేసిరి. ఆ గ్రామముల జనసంఖ్య సుమారు 1,80,000, మరణములు 1,354. పల్లెలో మరణపత్రము వ్రాయు వైద్యు డుండడు గనుక, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు మృతుని యింటికి పోయి, ఎన్నాళ్లు బాధపడెను, నొప్పి యెచట, ఆయాస మెట్టిది యని ఇంటివారిని విచారించి వ్రాసికొనిరి. ఆ కాగితములను వైద్యులు చదివి కారణమును నిర్ణయించిరి. సిడ్నీలోని జార్జి ఇన్‌స్టిట్యూట్, హైదరాబాదులోని కేర్ ఫౌండేషన్, బైర్రాజు ఫౌండేషన్ వారు కలిసి చేసిన ఈ పని 2006లో ప్రకటింపబడినది. నూటికి 32 మరణములు గుండె, రక్తనాళముల వ్యాధుల వలన. అంటువ్యాధుల వలన నూటికి 12 మాత్రమే. అవి మన వంటి గ్రామములే. మన వరి, మన కాలువలే.

ఇక గుండె పని యెట్టిదనగా: అది నిమిషమునకు డెబ్బది మారుల వరకు కొట్టుకొనుచు సుమారు 5 లీటర్ల నెత్తురును నడపును. కుడిగది చెడునెత్తురును ఊపిరితిత్తులకు పంపును. అచట శుభ్రపడినది ఎడమగదికి వచ్చి, శరీరమంతటికి పోవును. రెండు గదులును సమముగా తోడవలెను. ఎడమగది బలహీనపడినదనుకొనుడు. కుడివైపు పంపునది పంపుచునే యుండును, ఎడమవైపు తోడలేదు. నెత్తురు ఊపిరితిత్తులలో వెనుకకు నిలిచి, అందలి నీరు గాలితిత్తులలోనికి ఊరును. ఇది మురుగు లాగని చేనే. గాలి వచ్చుచున్నను నెత్తురులోనికి చేరదు.

రోగి దీనిని ఆయాసమనును, ఇరుగుపొరుగువారు ఉబ్బసమందురు, సంవత్సరముల తరబడి ఉబ్బసపు మందు మ్రింగించువారును కలరు. భేదము కొంతవరకు ఇంటనే కనబడును. గుండె వలని ఆయాసము వెల్లకిల పండుకొన్నప్పుడు హెచ్చి, లేచి కూర్చున్నప్పుడు తగ్గును. రోగి రాత్రి రెండు దిండ్లు, మూడు దిండ్లు కోరును. నడిరేయి ఊపిరాడక లేచి కిటికీకడ నిలుచును. సాయంకాలమునకు పాదములు వాచి, వ్రేలితో నొక్కినచో గుంటపడును. ఉబ్బసము తరచు చిన్ననాటి నుండియు ఉండి, ఋతువునుబట్టి వచ్చుచు పోవుచుండును. చుట్ట, బీడీ త్రాగువారికిని, పుల్లల పొయ్యి పొగలో జీవితము గడపిన స్త్రీలకును వచ్చునది వేఱొక తిత్తుల జబ్బు. రెండు వారములు మించిన దగ్గునకు కళ్లె పరీక్ష చేయింపవలెను. పురుగుమందు చల్లిన నాడే ఆయాసము, చొంగ, కంటిపాప చిన్నదగుట కనబడినచో అది విషము. ఆ డబ్బా సహితము ఆసుపత్రికి కొనిపోవలెను. ఇంటి గుర్తులు అనుమానమునకు మాత్రమే, నిర్ణయము వైద్యునిదే.

రెండవది పూడిన కాలువ. గుండెకాయ ఊరందరికి నీరు పంపుచున్నను, తన చేనికి వేరుగా చిన్న కాలువలు కలవు. వానిలో క్రొవ్వు పేరుకొని, ఒకనాడు నెత్తురు గడ్డకట్టి అడ్డుపడినచో ఆ మేర కండరము చచ్చుట ప్రారంభించును. రొమ్ముపై బరువు పెట్టినట్లుండుట, నొప్పి ఎడమ చేతికో దవడకో ప్రాకుట, చెమటలు పట్టుట గుర్తులు. మధుమేహము గలవారికి నొప్పి లేకయే నీరసము, ఆయాసము మాత్రమే ఉండవచ్చును. మనవారు దీనిని గ్యాసు అని సోడా త్రాగించి, తెల్లవారిన పిదప చూతమందురు. ఈ సోడాయే అన్నిటికంటె ప్రమాదమని మా తలంపు. అది హాని చేయదు గాని కాలము హరించును. గడ్డను కరిగించు మందు మొదటి మూడుగంటలలో ఇచ్చినచో ఎక్కువ ఫలము, పండ్రెండు గంటలు దాటినచో ఫలము స్వల్పము. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2023లో ఆరంభించిన పథకము ననుసరించి, దూరపు ఆసుపత్రులలో తీసిన గుండె చిత్రమును పెద్ద ఆసుపత్రి నిపుణులు చూచి చెప్పగా, విలువైన ఆ సూది మందును ఉచితముగా నిచ్చు ఏర్పాటు జరిగినది. రేపల్లె, తెనాలి, బాపట్లలో ఏ ఆసుపత్రియందు రాత్రివేళ సైతము ఈ మందు లభించునో సంఘ కార్యదర్శులు ముందుగా విచారించి, 108తోపాటు సంఘ కార్యాలయపు గోడపై వ్రాయించుట మంచిది.

రక్తపు పోటు విషయమున ఒక మాట. పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల పరిధిలోని 54 గ్రామములలో, ఆశా కార్యకర్తలు ఇంటింట పోటు కొలిచి ప్రమాదమున్నవారిని గుర్తించి వైద్యునికడకు పంపిరి. ఫలితము 2019లో ప్రకటింపబడినది: పోటు అదుపులోనికి వచ్చినవారి సంఖ్యలో చెప్పుకొనదగిన భేద మేర్పడలేదు. దీనిని చూచి కొలుచుట వ్యర్థమనరాదు. కొలుచుట ఒక దినపు పని. బాధ లేని జబ్బునకు ప్రతిదినము మాత్ర మ్రింగుట సంవత్సరముల పని. మందు అయిపోయిన నాడు తిరిగి తెచ్చువా రెవరు? మన సంఘములు ఎరువు తెప్పించునట్లే, ఈ నెలసరి మాత్రలను సభ్యులకు అందించు బాధ్యత వహింపవచ్చును. కొలిచెడు యంత్రము రెండు మూడువేల రూపాయలకు దొరకును.

ఉప్పు సంగతియు మరువరాదు. సిద్దిపేట ప్రాంతపు పల్లెలలో పోటు గల 500 మందికి పైగా జనులలో సగముమందికి పొటాషియము కలిపిన ఉప్పు నిచ్చి చూడగా వారి పోటు కొంత తగ్గినట్లు 2021లో ప్రకటించిరి. మూత్రపిండముల జబ్బు గలవారు మాత్రము వైద్యుని అడుగక ఆ ఉప్పును ముట్టరాదు. ఆవకాయ, ఎండుచేపలు మనకు ప్రీతిగదా. ఏ ఉప్పు వాడినను వానిలోని పాలు వేరుగా లెక్కకు రావలెను.