ఎమ్మెస్ ఉన్న తల్లికి గండం గర్భం కాదు, కాన్పు తర్వాతి మూడు నెలలు

వికారాబాద్ జిల్లా జనాభా 2011 లెక్కల ప్రకారం సుమారు 9.27 లక్షలు. మన దేశంలో మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే ఎమ్మెస్, లక్ష మందిలో 5 నుంచి 10 మందికి ఉంటుందని అంచనా. ఆ లెక్కన జిల్లా మొత్తం మీద 50 నుంచి 90 మంది. వారిలో ఆడవాళ్లు మగవాళ్లకు రెట్టింపు, అంతకన్నా ఎక్కువే. జబ్బు బయటపడేది 20, 40 ఏళ్ల మధ్య, సరిగ్గా పెళ్లీ పిల్లల వయసులో. ఊళ్లోని ఆశ కార్యకర్త, పీహెచ్‌సీ డాక్టరు ఇలాంటి గర్భిణిని ఒక్కసారి కూడా చూసి ఉండకపోవచ్చు. అందుకే ఈ జబ్బు సంగతులు ఇంట్లోవాళ్లకే తెలిసి ఉండాలి.

ఈ జబ్బులో రోగనిరోధక శక్తి మెదడులో, వెన్నుపాములో ఉన్న నరాల పైపొరనే దెబ్బతీస్తుంది. ఒక కన్ను మసకబారుతుంది, కాళ్లు తిమ్మిరెక్కుతాయి, నడక తూలుతుంది. కొన్నాళ్లకు తగ్గి, మళ్లీ తిరగబెడుతుంది.

ఒకప్పుడు డాక్టర్లే పిల్లలు వద్దనేవారు. ఆ భయాన్ని తీర్చింది 1998లో వెలువడిన అధ్యయనం. 12 యూరప్ దేశాల్లో 254 మంది స్త్రీలు, 269 గర్భాలు. గర్భానికి ముందు ఏడాదిలో ఒక్కొక్కరికి జబ్బు సగటున 0.7 సార్లు తిరగబెట్టింది. గర్భం చివరి మూడు నెలల్లో అది ఏడాది లెక్కన 0.2కి పడిపోయింది. కడుపులోని బిడ్డను పరాయిగా చూడకుండా తల్లి రోగనిరోధక శక్తి నెమ్మదించడమే దీనికి కారణమంటారు. కాన్పు తర్వాతి మూడు నెలల్లో మాత్రం ఏడాది లెక్కన 1.2కి ఎగబాకింది. ఆ మూడు నెలల్లో జబ్బు నిజంగా తిరగబెట్టింది 28 శాతం మందికే. తక్కిన 72 శాతం మందికి ఏమీ కాలేదు.

మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లో. అంటే గండమున్న ఆ మూడు నెలలూ ఆ అమ్మాయి తనను చూసే నరాల డాక్టరుకు దూరంగా ఉంటుంది. జిల్లాలోని తాండూరు నుంచి హైదరాబాద్ నూరు కిలోమీటర్లకు పైనే. కాళ్లు లాగుతున్నాయంటే ‘బాలింత నీరసం’ అని సర్దిచెబుతారు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ మాటే. పైగా తలుపులు మూసిన గది, వేడివేడి స్నానం. ఒళ్లు వేడెక్కితే పాత లక్షణాలు కాసేపు పెరుగుతాయి, చల్లబడగానే తగ్గుతాయి. అది జబ్బు తిరగబెట్టడం కాదు. గోరువెచ్చని నీళ్లు, గాలి ఆడే గది చాలు. జ్వరం, మూత్రంలో మంట ఉన్నా ఇలాగే జరగవచ్చు, ముందు మూత్ర పరీక్ష చేయించాలి. ఇవేవీ లేకుండా కొత్త లక్షణం 24 గంటలు దాటితే డాక్టరుకు చెప్పాల్సిందే.

మందుల సంగతి గర్భానికి ముందే తేల్చుకోవాలి. టెరిఫ్లూనమైడ్ మాత్ర ఆపినా రెండేళ్ల దాకా రక్తంలో ఉండగలదు. దాన్ని బయటికి పంపడానికి వేరే మందు 11 రోజులు వాడతారు. ఫింగోలిమోడ్ ఆపాక కనీసం 2 నెలలు, క్లాడ్రిబిన్ తర్వాత 6 నెలలు ఆగాలి. అయితే ఫింగోలిమోడ్, నటాలిజుమాబ్ వంటివి ఉన్నట్టుండి ఆపితే జబ్బు విరుచుకుపడవచ్చు, సొంతంగా మానేయకూడదు. ఇంటర్‌ఫెరాన్ బీటా ఇంజెక్షన్లను అవసరమైతే గర్భిణులకూ పాలిచ్చే తల్లులకూ వాడవచ్చని యూరప్ ఔషధ సంస్థ 2019లో ఒప్పుకుంది.

ఎమ్మెస్ ఉన్నంత మాత్రాన సిజేరియన్ అక్కర్లేదు. వెన్నులో ఇచ్చే నొప్పి నివారణ ఇంజెక్షన్‌తో జబ్బు తిరగబెట్టదని ఆ 1998 అధ్యయనమే చెప్పింది.

పాలివ్వడం వల్ల తల్లికి చేటు లేదు. పూర్తిగా తల్లిపాలే ఇచ్చినవారిలో జబ్బు తిరగబెట్టడం తక్కువని తర్వాతి అధ్యయనాలు చాలావరకు సూచించాయి. టెరిఫ్లూనమైడ్, ఫింగోలిమోడ్ వాడుతుంటే మాత్రం పాలివ్వకూడదు. జబ్బు తిరగబెట్టి స్టెరాయిడ్ సెలైన్ ఎక్కించినా పాలు మాన్పించనక్కర్లేదు, 2 నుంచి 4 గంటల ఎడం చాలంటారు.

బిడ్డకు వస్తుందా? తల్లికో తండ్రికో ఉంటే 100 మంది పిల్లల్లో 2, 3కి మించి రాదు.

పుట్టింటికి బయల్దేరే ముందే నరాల డాక్టరు ఫోను నంబరు, మందుల చీటీ, కాన్పయ్యాక చూపించుకోవాల్సిన తేదీ కాగితం మీద రాయించుకోండి. ఆ కాగితం అమ్మకు ఒకటి, కాన్పు చేసే డాక్టరుకు ఒకటి ఇవ్వండి.